గుండెలోని యంత్రము: అది చేసేదేమిటి, చేయనిదేమిటి

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ సాయంకాలము నేను వాక్యభాగము తీసికొని ప్రసంగించబోవుట లేదు. మా మదీనాగూడలో ఇంటింటికీ ప్రార్థనకు వెళ్ళినప్పుడు పదే పదే నా యెదుటకు వస్తున్న ఒక సంగతిని మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. అది గుండె దడకు పెట్టే మిషను సంగతి.

మదీనాగూడ మీలో చాలామందికి తెలుసు. మియాపూరు దాటి చందానగర్ వైపు వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఉంటుంది. పిల్లలు హైటెక్ సిటీలోను గచ్చిబౌలిలోను కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తుంటే, వారి తల్లిదండ్రులు గుంటూరు నుండి, ఖమ్మం నుండి, కాకినాడ నుండి వచ్చి ఇక్కడి అపార్టుమెంట్లలో ఉంటున్నారు. బి.హెచ్.ఇ.ఎల్.లో పనిచేసి రిటైరైన వారూ చాలామంది ఉన్నారు. అంటే డెబ్బయి దాటిన వారు మా సంఘములో తక్కువేమీ కాదు. ఆ వయసులో గుండె లయ తప్పుట సాధారణముగా వచ్చే జబ్బు.

ఆ మధ్య అలాంటి ఒక తల్లి నాతో ఇలా అన్నది: "అయ్యగారూ, నాకు మిషను పెట్టారు గదండీ. దేవుడు డాక్టరుగారి చేతిని దీవించాడు. ఇక ఈ మాత్రలు మానేస్తానండీ. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్తాను." ఏ మాత్రలమ్మా అని అడిగితే డబ్బా తెచ్చి చూపించింది. అందులో ఒకటి రక్తము గడ్డకట్టకుండా వేసుకొనే మాత్ర. "ఇది మాత్రము డాక్టరుగారిని అడగకుండా మానవద్దమ్మా" అని, వాళ్ళ అబ్బాయితో మాట్లాడాను. ఆ రాత్రే అతడు ఆసుపత్రికి ఫోను చేశాడు. మాత్ర ఆగలేదు. కాని ఆమె అన్న మాట నన్ను ఆలోచింపజేసింది. మిషను పెట్టారంటే జబ్బు పోయినట్టే అని ఎంతమంది అనుకుంటున్నారో!

మొదట ఒక చిక్కు విడదీద్దాము. మనవాళ్ళు స్టెంటును, పేస్‌మేకరును ఒకటే అనుకుంటారు. స్టెంటు అనేది గుండెకు రక్తము తెచ్చే నాళము మూసుకుపోతే దానిని తెరచి ఉంచే చిన్న జల్లెడ గొట్టము. మన హైదరాబాదులోనే డాక్టర్ సోమరాజుగారు, తరువాత రాష్ట్రపతియైన అబ్దుల్ కలాంగారు కలిసి 1990లలో తక్కువ ఖర్చులో ఒక స్టెంటును తయారుచేయించారు. దానికి కలాం–రాజు స్టెంటు అని పేరు. అది నాళాల సంగతి. పేస్‌మేకరు గుండెలోని కరెంటు సంగతి. ఇంట్లో నీళ్ళ పైపు వేరు, కరెంటు వైరు వేరు గదా!

గుండెకు కరెంటు ఎక్కడిది అంటారేమో. దేవుడు గుండెను నాలుగు గదులుగా నిర్మించాడు. పై గదులు రెండింటిని కర్ణికలంటారు, క్రింది గదులు రెండింటిని జఠరికలంటారు. పైన కుడివైపు గదిలో ఒక చిన్న కణముల గుంపు నిమిషానికి అరవై నుండి వంద సార్లు సంకేతము పుట్టిస్తుంది. అది పై గదులంతా ప్రాకి, మధ్యలో ఒక గుమ్మము దాటి, క్రింది గదులకు చేరుతుంది. అప్పుడు క్రింది గదులు బిగిసి రక్తమును ఒళ్ళంతటికీ నెడతాయి. రోజుకు దాదాపు లక్ష సార్లు ఇలా జరుగుతుంది. మనము నిద్రపోతున్నా అది ఆగదు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో (ఆసుపత్రి కాగితము మీద ఎ.ఎఫ్. అని వ్రాస్తారు) పై గదులలో ఆ ఒక్క సంకేతమునకు బదులు ఎక్కడబడితే అక్కడ కరెంటు పుడుతుంది. నిమిషానికి 350 నుండి 600 వరకు! అప్పుడు పై గది బిగిసి వదలదు, వణుకుతూ ఉంటుంది. మధ్యలోని గుమ్మము లేకపోతే ఆ సంకేతాలన్నీ క్రిందికి దూకి మనిషి నిమిషాలలో పడిపోయేవాడు. ఆ గుమ్మము కొన్నిటిని ఆపి కొన్నిటిని వదలుతుంది. అయినా మందు లేకపోతే నాడి నిమిషానికి 120, 140, ఒక్కొక్కసారి ఇంకా పైకి పోతుంది. అదీ ఒక వరుసలో కాదు. మియాపూరు చౌరస్తాలో సిగ్నలు చెడిపోయినప్పుడు బండ్లు ఎలా దూరుతాయో మీరు చూసే ఉంటారు. గుండె దడ, ఆయాసము, మెట్లెక్కలేని నీరసము దాని వల్లనే. నెలల తరబడి అంత వేగముగా కొట్టుకుంటే గుండె కండరమే బలహీనపడుతుంది.

ఈ జబ్బులో ప్రమాదములు రెండు ఉన్నవి. దయచేసి ఇది గమనించండి, ఎందుకంటే మిగిలిన మాటంతా దీనిమీదే నిలిచి ఉంది. ఒకటి వేగము, ఇప్పుడు చెప్పినది. రెండవది గడ్డ. పై గది సరిగా బిగియక వణుకుతుంటే అందులో రక్తము కదలిక తగ్గుతుంది. ముఖ్యముగా ఎడమవైపు పై గదికి సంచిలాంటి ఒక మూల ఉంది, అక్కడ గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు వెళితే పక్షవాతము. ఈ జబ్బు లేనివారికంటె ఉన్నవారికి పక్షవాతము వచ్చే అవకాశము సుమారు ఐదు రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజలను ఏండ్ల తరబడి పరీక్షించినవారు 1991లో తెలియజేశారు.

ఇప్పుడు మిషను దగ్గరకు వద్దాము. పేస్‌మేకరు చేయగలిగినది ఒక్కటే: గుండె మరీ నెమ్మదించినప్పుడు, లేక కొట్టుకొనకుండా ఆగినప్పుడు, చిన్న కరెంటు పంపి కొట్టుకొనేటట్టు చేయుట. పరుగెత్తే గుండెను అది తనంతట తాను ఆపలేదు. ఈ మాట చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. "మరి దడకు మిషను పెట్టారు గదండీ!" అంటారు. నిజమే, పెట్టారు. కాని ఎందుకు పెట్టారో రెండు విధములుగా ఉంటుంది.

మొదటి విధము. కొందరికి గుండె ఒకసారి 140 కొట్టుకుంటుంది, ఆ దడ ఆగినప్పుడు కొన్ని క్షణములు అసలే కొట్టుకోదు. కళ్ళు తిరిగి స్నానాల గదిలో పడిపోతారు. వారికి వేగము తగ్గించే మందు ఇద్దామంటే నెమ్మదించినప్పుడు ఇంకా నెమ్మదిస్తుంది. డాక్టరుకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అప్పుడు పేస్‌మేకరు పెడతారు. క్రిందకు పడిపోకుండా మిషను చూసుకుంటుంది, పైకి పోకుండా మాత్రలు చూసుకుంటాయి. ఇలాంటివారు "మిషను ఉంది గదా" అని వేగము తగ్గించే మాత్ర మానితే ఏమవుతుందో మీరే ఆలోచన చేయండి.

రెండవ విధము ఇంకా పెద్దది. మందులు ఎంత మార్చినా వేగము తగ్గదు, లేదా మందులు పడవు. పై గదులలోని చెడ్డ కరెంటును కాల్చివేసే చికిత్స ఉంది గాని అందరికీ అది పనికిరాదు, చేసినా కొందరికి తిరిగి వస్తుంది. అలాంటివారికి ముందుగా పేస్‌మేకరు అమర్చి, దాని వైరు బాగా కుదురుకున్న తరువాత, తొడ దగ్గరి రక్తనాళము ద్వారా సన్నని తీగెను గుండెలోకి పంపి, నేను చెప్పిన ఆ మధ్య గుమ్మమును వేడితో మూసివేస్తారు. కొన్ని ఆసుపత్రులలో రెండూ ఒకేసారి చేస్తారు. ఇక పై గదుల అల్లరి క్రిందికి రాదు. క్రింది గదులను పేస్‌మేకరు క్రమముగా నడిపిస్తుంది. మనుష్యులకు తీగె ద్వారా ఈ గుమ్మమును మూసే పద్ధతిని అమెరికాలో మెల్విన్ షైన్‌మన్ అనే డాక్టరు 1980ల మొదట్లో ప్రారంభించాడు.

ఇది తిరిగి తెరచుకొనే తలుపు కాదు. ఆ రోజు నుండి ఆ మనిషి గుండె పేస్‌మేకరు మీదనే ఆధారపడుతుంది. కాబట్టి డాక్టర్లు దీనిని మొదట చెప్పరు, ఇతర మార్గములు చూసిన తరువాతనే చెబుతారు. మీకు అలా చెప్పినయెడల భయపడవద్దు, తొందరపడనూ వద్దు. కూర్చొని ప్రశ్నలు అడగండి. మొదటి కొన్ని వారములు మిషనును నిమిషానికి 80, 90 దగ్గర పెట్టి, తరువాత మెల్లగా తగ్గిస్తారు. ఎందుకంటే చాలాకాలము పరుగెత్తిన గుండెను ఒక్కసారిగా నెమ్మదింపజేస్తే ప్రమాదకరమైన లయ పుట్టవచ్చును. "నాకెందుకండీ 80 పెట్టారు" అని కంగారుపడేవారి కోసము ఈ మాట చెప్పాను.

దీని వలన మేలు ఉందా అంటే ఉంది. గుండె బలహీనపడి, ఈ జబ్బు స్థిరపడి, ఆసుపత్రిపాలైన 133 మందిని ఐరోపాలో కొందరు డాక్టర్లు పరీక్షించారు. సగము మందికి గుమ్మము మూసి, గుండె రెండువైపులా కలిసి కొట్టుకొనేటట్టు చేసే మిషను పెట్టారు. మిగిలినవారికి మందులే. 2021లో వచ్చిన ఫలితమేమంటే, మందులవారిలో 29 శాతము మంది చనిపోతే మిషను వారిలో 11 శాతము మంది చనిపోయారు. 133 మంది అంటే చిన్న లెక్కే. అందరికీ ఇదే జరుగుతుందని చెప్పలేము. అయినా బలహీనపడిన గుండెకు ఇది ఆశ కలిగించే మాట.

ఇంకొక సంగతి. పాత పద్ధతిలో వైరును కుడివైపు క్రింది గది కొనలో గుచ్చుతారు. అప్పుడు కుడిప్రక్క ముందు, ఎడమప్రక్క తరువాత కొట్టుకుంటాయి. ఏండ్లు గడిస్తే కొందరికి గుండె అలసిపోతుంది. అలా కాకుండా, దేవుడు గుండెలో పెట్టిన సొంత కరెంటు దారిలోనే వైరు పెట్టే విధానమును 2000 సంవత్సరములో ప్రమోద్ దేశ్‌ముఖ్ అనే డాక్టరు అమెరికాలో చేసి చూపించాడు. ఆయన చేసినది సరిగ్గా ఈ ఎ.ఎఫ్. రోగులకే: 18 మందిలో ప్రయత్నించితే 12 మందికి కుదిరింది. ఈ దారి ఇప్పుడు చాలా ముందుకు వచ్చింది. వైరే లేకుండా గుండె లోపలే ఉండిపోయే, మందు గొట్టము సైజు పేస్‌మేకరు కూడా ఉంది. మీకు ఏది తగునో మీ డాక్టరుగారే చెప్పాలి. ప్రక్కింటివారికి ఏది పెట్టారో దానితో మీకు పనిలేదు.

సరే, ఇప్పుడు ఆ తల్లి మాటకు తిరిగి వస్తాను. గుమ్మము మూశారు, మిషను గడియారములా కొట్టిస్తున్నది, నాడి పట్టి చూస్తే డెబ్బయి. ఆయాసము తగ్గింది. మరి పై గదులు? అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి! మిషను పై గదులను ముట్టలేదు. రెండు ప్రమాదములని చెప్పాను గదా, వేగము అదుపులోకి వచ్చింది, గడ్డ ప్రమాదము ఉన్నచోటనే ఉన్నది. రోగికి మాత్రము ఏ బాధా తెలియదు. మాత్రలు మానేది సరిగ్గా అప్పుడే.

2002లో అమెరికా, కెనడా డాక్టర్లు 4,060 మంది ఎ.ఎఫ్. రోగుల మీద జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితము వచ్చింది. లయను సరిచేయుట మంచిదా, వేగమును అదుపు చేయుట చాలునా అని వారు వెదకినది. రెండు పక్షాలలోను పక్షవాతము వచ్చినవారిని చూస్తే, ఎక్కువమంది రక్తము పలుచబడే మందు మానినవారు, లేక చాలినంత మోతాదు లేనివారు. "లయ బాగుంది గదా" అని ఆపినవారూ అందులో ఉన్నారు. మన ఇండ్లలో జరిగేదే అక్కడా జరిగింది.

ఈ మందు ఎవరికి కావాలి, ఎవరికి వద్దు అనేది వయసు, బి.పి., షుగరు, ఇదివరకు పక్షవాతము వచ్చిందా అనే సంగతులను బట్టి డాక్టరు లెక్కకట్టి చెబుతాడు. అందరికీ ఒకే మందు కాదు. మనవాళ్ళలో చిన్నప్పుడు కీళ్ళ జ్వరము వచ్చి గుండె కవాటము ఇరుకైనవారు ఇంకా ఉన్నారు. వారికి కొత్త మందులకంటె అసిట్రామ్, వార్ఫరిన్ వంటి పాత మందులే మేలని 2022లో వచ్చిన పరిశోధన చూపించింది. ఆ పాత మందు వాడేవారు ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలలో ఉండే కె విటమిను ఈ మందు బలమును తగ్గిస్తుంది. అందుకని కొందరు ఆకుకూరలు పూర్తిగా మానేస్తారు, అవసరము లేదు. ఒక వారము రోజూ తోటకూర, తరువాత నెలంతా అసలే లేకుండా ఉండుట మంచిది కాదు. ఎంత తింటారో అంతే తింటూ ఉండండి. కీళ్ళ నొప్పులకు మందుల షాపులో బిళ్ళలు కొని మ్రింగవద్దు, రక్తస్రావము కావచ్చును.

ఇప్పుడు విశ్వాసుల మధ్య మాత్రమే చెప్పుకోవలసిన మాట. మనము ఉపవాస ప్రార్థనలు చేస్తాము. చేయవలసిందే. కాని రివరోక్సాబాన్ అనే మందును భోజనముతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున అది ఒంటికి సరిగా పట్టదు. అసిట్రామ్ వేసుకొనేవారు దినముల తరబడి తినకపోతే మందు బలము హెచ్చి రక్తము మరీ పలుచబడవచ్చును. కాబట్టి ఈ మందులు వాడేవారు ఉపవాసమునకు ముందు డాక్టరుతో మాట్లాడండి. ఆయన వద్దంటే, మీరు ఒక పూట టి.వి.ని మాని మోకరించండి. సంఘ కాపరులైన నా తోటి సహోదరులకు కూడా వినయముగా మనవి చేస్తున్నాను: స్వస్థత కూడికలలో "మాత్రలు పారవేయి" అని ఎవరితోనూ అనవద్దు. మనము ప్రార్థించేవారము, మందుల చీటీ దిద్దేవారము కాము. వైద్యుడైన లూకా అపొస్తలుల దగ్గర ఉన్నాడు, రాజైన హిజ్కియా ప్రార్థించిన తరువాత కూడ ప్రవక్త పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. వారికి లేని సంకోచము మనకెందుకు?

మిషను ఉన్నవారి ఇండ్లలో మరొక భయముంటుంది. సెల్ ఫోను ముట్టుకోవచ్చునా, మిక్సీ వేయవచ్చునా అని. మిక్సీ, ఫ్రిజ్జు, టి.వి. వలన భయము లేదు. సెల్ ఫోను చొక్కా పైజేబులో మిషను మీద పెట్టుకోవద్దు, రెండవ వైపు చెవికి పెట్టుకొని మాట్లాడండి. ఇండక్షన్ స్టవ్ మీద వండేటప్పుడు రెండడుగుల దూరములో నిలబడితే చాలును. మా మియాపూరు మెట్రో స్టేషనులో తనిఖీ ద్వారము ఉంది గదా, అక్కడ మీ పేస్‌మేకరు కార్డు చూపించండి. ద్వారము గుండా ఆగకుండా నడచిపోవచ్చును, చేతి మిషనును మాత్రము ఛాతీ మీద నిలిపి ఉంచవద్దని చెప్పండి. ఇంకొకటి, ఇది నవ్వులాటకు కాదు: గుడిలో పెద్ద స్పీకరు బాక్సుకు ఆనుకొని కూర్చోవద్దు. అందులో అయస్కాంతము ఉంటుంది. మా పెద్దలు కొందరు పాట బాగా వినబడుతుందని అక్కడే చేరతారు! ఎమ్.ఆర్.ఐ. తీయాలన్నప్పుడు మిషను సంగతి ముందుగా చెప్పండి, కార్డు చూపించండి. ఈ రోజుల్లో చాలా మిషనులకు తగిన ఏర్పాట్లతో తీయవచ్చును.

బ్యాటరీ సుమారు ఎనిమిది నుండి పన్నెండు ఏండ్లు వస్తుంది. అయిపోయే ముందు నెలల క్రిందటే పరీక్షలో తెలుస్తుంది, అందుకే ఆరు నెలలకో ఏడాదికో వెళ్ళి చూపించుకోవాలి. ముఖ్యముగా గుమ్మము మూయించుకున్నవారు ఈ పరీక్ష తప్పకూడదు. మార్చేటప్పుడు సాధారణముగా పైనున్న మిషనే మారుస్తారు. మొట్టమొదట 1958లో స్వీడన్‌లో పేస్‌మేకరు పెట్టించుకున్న ఆర్నె లార్సన్ మొదటి మిషను కొన్ని గంటలే పనిచేసింది. ఆయన ఆ తరువాత ఇంచుమించు ఇరవై ఆరు మిషనులు మార్చుకుంటూ 2001 వరకు, ఎనభై ఆరేండ్లు బ్రతికాడు. పన్నెండేండ్ల బ్యాటరీ ఉన్న మనము సణుగుకోవచ్చునా!

ఖర్చు సంగతి. తెల్లకార్డు ఉన్నవారికి ఆరోగ్యశ్రీలో పేస్‌మేకరు అమర్చుట ఉంది. 2007లో మొదలైన ఆ పథకము పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటాడు, అప్పు చేయకముందు ఆయనను కలవండి. మీకు చెప్పిన రకము మిషను అందులో వస్తుందో రాదో అడిగి తెలుసుకోండి.

చివరిగా ఒక ప్రశ్న. దీనిని ఇండ్లలో గుసగుసగా అడుగుతారు: "అయ్యగారూ, మిషను ఉంటే ప్రాణము పోదటగదా? నాన్నగారు మంచము మీద బాధపడుతూ ఉండిపోతారేమో?" లేదు. మిషను సంకేతము మాత్రమే పంపుతుంది. మరణ సమయము వచ్చి కండరము దానికి బదులు పలకనప్పుడు ఆ సంకేతము వలన ఏమీ జరుగదు. మనిషి మామూలుగానే ప్రభువు దగ్గరకు వెళతాడు. షాకు ఇచ్చే మిషను వేరే ఉంది, ఐ.సి.డి. అంటారు. అది మాత్రము ఆఖరి గడియలలో షాకు ఇచ్చి బాధపెట్టవచ్చును. దాని షాకును ఆపించుకొనే వీలుంది. ఆ మాట రోగి తెలివితో ఉన్నప్పుడే, కుటుంబమంతా కూర్చొని, డాక్టరుతో మాట్లాడుకొనుట మంచిది. ఏ మిషను ఉన్నదో పిల్లలకు తెలియాలి. అమెరికాలో ఉన్న పిల్లలకైతే కార్డు ఫోటో తీసి పంపండి.

ఈ వారములో మీ ఇంట్లో ఎవరికైనా మిషను ఉంటే మందుల డబ్బా ముందు పెట్టుకొని ఒక్కొక్క మాత్ర ఎందుకో చీటీతో సరిచూడండి. తెలియనిది ఉంటే ఆసుపత్రికి ఫోను చేసి అడగండి. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, చేయి లేవకపోయినా ప్రార్థన చేసుకుంటూనే 108కి ఫోను చేయండి, తెల్లవారేదాకా ఆగవద్దు. వచ్చే ఆదివారము ఇదే సమయమునకు, షుగరు ఉన్నవారు పాదములను కాపాడుకొనే విషయము మాట్లాడుకుందాము. అంతవరకు సెలవు.